అప్పుడప్పుడూ ఎర్రబడే టెస్టు

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. కారణం చెబితే మా ఇంట్లో నవ్వుతారు. నేను రాసిన ఒక టెస్టు అప్పుడప్పుడూ ఫెయిలవుతోంది. రోజూ ఫెయిలైతే బాధే లేదు, ఎక్కడో తప్పుందని తెలిసిపోతుంది, వెతికి పట్టుకుంటాం. ఇది అలా కాదు. పొద్దున ఫెయిలవుతుంది, మళ్ళీ నడిపిస్తే పాసవుతుంది. రెండు రోజులు బుద్ధిగా ఉండి, మూడో రోజు ఇంకో ఫోన్లో ఫెయిలవుతుంది.

మేం అత్తగారితో కలిసి ప్రత్తిపాడులో ఉంటాం. మా ఆయన గుంటూరు వెళ్ళే దారిలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. నేను హైదరాబాదులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. వాళ్ళు తయారు చేసే వెబ్‌సైట్లు కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. ప్రతి బటనూ చేత్తో నొక్కి చూస్తూ కూర్చోను. నేను రాసిన ప్రోగ్రాము మనిషిలాగే బ్రౌజర్ తెరుస్తుంది, పేరు టైపు చేస్తుంది, బటన్ నొక్కుతుంది, ఆ తర్వాత తెర మీద ఏం వచ్చిందో చూస్తుంది. రావలసింది వస్తే నా కంప్యూటర్లో ఆ టెస్టు వరస పచ్చగా కనిపిస్తుంది, రాకపోతే ఎర్రగా. కంపెనీ అద్దెకు తీసుకున్న ఫోన్లు ఎక్కడో దూరాన ఒక గదిలో ఉంటాయి. ఆ గదిని నేనెప్పుడూ చూడలేదు. నా టెస్టులు రోజూ వాటిలో నడుస్తాయి. పొద్దున లేచి కాఫీ పెట్టుకుని ఆ రంగులు చూసుకోవడం నాకు అలవాటు.

ఎర్రబడుతున్న టెస్టు ఒక ఆస్పత్రి సైటుది. ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో రెండు మూడు బ్రాంచీలున్న చిన్న ఆస్పత్రి అది. డయాలసిస్ చేయించుకునే వాళ్ళు ఫోన్లోనే తమ వంతు బుక్ చేసుకోవడానికి ఆ సైటు పెట్టారు. నాకు ఆ ఆస్పత్రి కొత్త కాదు. కనిగిరిలో ఉండే మా పిన్నికి వారానికి రెండుసార్లు అక్కడే డయాలసిస్. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. గొంతు ఇప్పటికీ క్లాసురూము చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. బాబాయి బండి మీద బస్టాండులో దించుతాడు, అక్కణ్ణుంచి బస్సులో ఆస్పత్రికి వెళుతుంది.

పిన్ని వల్లే నా టెస్టులో ఒక అదనపు మెట్టు చేరింది. బటన్ నొక్కగానే "మీ స్లాట్ ఖరారైంది" అని ఆకుపచ్చ టిక్కుతో మెసేజ్ వస్తుంది. మిగతా వాళ్ళ టెస్టులు ఆ మెసేజ్ చూసి సరిపెట్టుకుంటాయి. నేను మాత్రం ఆ తర్వాత "నా బుకింగులు" అనే పేజీ తెరిపించి, అందులో ఆ స్లాట్ ఉందో లేదో కూడా చూసేలా రాశాను. ఎందుకంటే కౌంటర్ దగ్గర పిన్ని చూపించేది ఆ పేజీనే. ఫెయిలవుతున్నది సరిగ్గా ఆ చివరి మెట్టు దగ్గరే. ఖరారైందని మెసేజ్ వస్తుంది, పేజీలోకి వెళితే ఖాళీ.

మా టీమ్ లీడ్ నాకన్నా చిన్నవాడు, చాలా మర్యాదస్తుడు. గ్రూపు కాల్‌లో ఆయన అన్నాడు:

"మేడమ్, అది ఫ్లేకీ టెస్టండీ. మళ్ళీ రన్ చేయండి, పాసవుతుంది."

నిలకడ లేని టెస్టుని మా పనిలో ఫ్లేకీ అంటారు. ఆ ముద్ర పడిందంటే ఇక దాని మాట ఎవరూ పట్టించుకోరు.

"పాసవుతుందండీ. కానీ మళ్ళీ ఫెయిలవుతోంది" అన్నాను.

"ఆ చివరి స్టెప్ తీసేయండి. ఖరారైందని వచ్చాక మళ్ళీ చూడటం ఎందుకు?"

తీసేస్తే ఒక్క నిమిషం పని. కానీ చెయ్యి రాలేదు. తప్పు నా టెస్టులోనే ఉందేమోనన్న అనుమానం ఒకవైపు. కాదేమోనన్న భయం ఇంకోవైపు. పేజీ రావడానికి ఆలస్యమవుతోందేమోనని టెస్టు చేత ఇంకాసేపు ఆగించాను. నెట్ నెమ్మదిగా ఉన్నట్టు నటింపజేసే ఏర్పాటు ఒకటుంటుంది, అది పెట్టి చూశాను. నెమ్మదిగానే అయినా పచ్చగానే వచ్చింది. నెట్ పూర్తిగా తీసేశాను. "ఇంటర్నెట్ లేదు, కాసేపాగి ప్రయత్నించండి" అని పేజీ చక్కగా చెప్పింది. ఏం చేసినా దొరకదు. వదిలేద్దామనుకున్న రోజున మళ్ళీ ఎర్రగా కనిపిస్తుంది.

కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. పక్కింటావిడ పలకరిస్తే ఏదో అడిగి, ఆమె జవాబు వినకుండానే లోపలికొచ్చేశాను. మా ఆయన "ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. "టెస్టు ఫెయిలవుతోంది" అన్నాను. "నువ్వు పెట్టే టెస్టేగా, పాస్ చేసెయ్" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

శుక్రవారం సాయంత్రం సైటు కొత్త వెర్షను విడుదల చెయ్యాలి. ఆ పొద్దున రిజల్టు ఎర్రగా వచ్చింది. మళ్ళీ నడిపించాను, పచ్చ. టెస్టింగ్ తరఫున "ఓకే" అని గ్రూపులో నేను ఒక మాట రాస్తే మిగతా పనులు మొదలవుతాయి. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి "హోల్డ్ చేయండి" అని రాసి పంపాను.

లీడ్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమైందండీ? మళ్ళీ పాసైంది కదా?"

"పాసైందండీ."

"మరి ఆపడానికి ఆధారం ఏముంది?"

"ఆధారం లేదు. భయంగా ఉందండీ" అనేశాను.

నాకు సిగ్గేసింది. ఉద్యోగంలో ఇన్నేళ్ళయ్యాక అనాల్సిన మాట కాదది.

"భయంగా ఉందని క్లయింటుకి చెప్పలేను కదా మేడమ్" అన్నాడు ఆయన మెల్లగానే. "సాయంత్రంలోపు ఏదో ఒకటి చూపించండి. లేకపోతే విడుదల చేసేద్దాం."

తల పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన ఫోన్ చేసి విసుక్కున్నాడు.

"ఏం, మెసేజ్ పెడితే చూడవా? లారీలు ఆగిపోయాయి, భోజనానికి రాలేను, క్యారేజీ ఎవరి చేతైనా పంపించమని ఎప్పుడో పెట్టా."

"నాకేం రాలేదే!"

"కాయ నిలవుంచే ఛాంబరు దగ్గర్నుంచి పెట్టా. వెళ్ళినట్టే అనిపించింది. ఇప్పుడు బయటికొచ్చి చూస్తే ఇంకా వెళ్ళకుండా తిరుగుతోంది. ఇక్కడ ఇదొక దరిద్రం. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం బయటికి పోదు."

నేను లేచి నిలబడ్డాను. నెట్ నెమ్మదిగా ఉంటే ఎలాగో చూశాను, లేకపోతే ఎలాగో చూశాను. ఉన్నట్టే కనిపిస్తూ లేకపోతే? ఆ సంగతి నేను చూడలేదు.

"క్యారేజీ నేనే తెస్తాను" అన్నాను. "నన్ను ఆ ఛాంబరు దగ్గరికి తీసుకెళ్ళు."

"నీకెందుకు అక్కడ? ఘాటుకి ఊపిరాడదు."

"వచ్చి చెబుతాను."

క్యారేజీ, ల్యాప్‌టాప్, ఒక పాత ఫోను, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే కేబులూ సంచిలో వేసుకుని స్కూటీ మీద బయల్దేరాను. కాయ దిగుబడి జోరుగా ఉన్న రోజులు. కోల్డ్ స్టోరేజీ ముందు మిరప టిక్కీల, అంటే కాయ బస్తాల, లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. ఎండలో తడిపిన గోనె వాసన, కాయ ఘాటు. చున్నీ ముక్కుకి అడ్డం కట్టుకున్నా గేటు దాటేసరికి దగ్గు మొదలైంది.

మా ఆయన భోజనం సంగతి మరిచి నా మొహం చూశాడు. అంతా చెప్పాను. ఈ పనిలో నేనేం చేస్తానో ఆయన శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. టిక్కీలు తోసే ఇనుప ట్రాలీ ఒకటి ఖాళీగా ఉంటే లాక్కొచ్చాడు. దాని మీద గోనెపట్టా పరిచి ల్యాప్‌టాప్ పెట్టాం, పక్కన ఫోను. ఫోన్లో దాని సిమ్ము తాలూకు నెట్ నడుస్తోంది. టెస్టు మొదలుపెట్టగానే ఫోన్లో పేజీ తెరుచుకుంటుంది, మా నకిలీ రోగి పేరు అక్షరం అక్షరంగా దానంతట అదే పడుతుంది. సరిగ్గా బటన్ నొక్కే సమయానికి మేం ఛాంబరు తలుపు దాటాలి. ఇదీ నా ఆలోచన.

మొదటిసారి త్వరగా వెళ్ళిపోయాం, పేజీయే తెరుచుకోలేదు. రెండోసారి తలుపు దగ్గరే ఆగాం, పచ్చ. తర్వాత కూడా పచ్చే. చలికి చేతివేళ్ళు కొయ్యబారుతున్నాయి, బయటికొస్తే ఎండ దెబ్బ. హమాలీలు బస్తాలు దించి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ఏందమ్మా, ఆ ఫోను దానంతటదే నొక్కుకుంటంది?" అన్నాడు ఒకతను.

"పరీక్ష చేస్తున్నానండీ" అన్నాను దగ్గుతూ.

"పాసయిందా?"

"పాసవుతూనే ఉంది. అదే బాధ."

మా ఆయన గేటువైపు చూసుకుంటున్నాడు. మేనేజరు వస్తే ఏం చెప్పాలా అని ఆయన బెంగ. "ఇంకొక్కసారి" అన్నాను. ఆ మాట అప్పటికే చాలాసార్లు అన్నాను. ట్రాలీ లోపలికి తోశాడు. ఫోన్లో సిగ్నల్ గీతలు అలాగే ఉన్నాయి. బటన్ నొక్కుకుంది. తెర మీద ఆకుపచ్చ టిక్కు, "మీ స్లాట్ ఖరారైంది". వెంటనే బయటికి లాక్కొచ్చాం. "నా బుకింగులు" పేజీ మెల్లగా తెరుచుకుంది. ఖాళీ. ల్యాప్‌టాప్‌లో ఆ వరస ఎర్రబడింది.

ట్రాలీ పట్టుకుని నిలబడ్డాను. అదే చోట, అదే అడుగు దగ్గర మళ్ళీ చేశాం. మళ్ళీ ఎరుపే. మా ఆయన తన ఫోన్లో అంతా వీడియో తీశాడు. గేటు దగ్గరికొచ్చి దాన్ని లీడ్‌కి పంపాను.

కాసేపటికి ఆయన ఫోన్ వచ్చింది.

"మేడమ్, డెవలపర్ చూశాడు. మీరు చెప్పింది నిజమే. సర్వర్ నుంచి జవాబు రాకముందే ఖరారైందని చూపించేస్తున్నాం. పేజీ చురుగ్గా ఉన్నట్టు కనిపించాలని అలా రాశారట. జవాబు అసలు రాకపోతే ఏం చెయ్యాలన్నది రాయలేదు. మన అద్దె ఫోన్లలోనూ అప్పుడప్పుడూ నెట్ ఇలాగే పోతోందన్నమాట. విడుదల ఆపేశాం."

మా ఆయనకి చెయ్యి ఊపి సైగ చేశాను. ఆయన మొహం విప్పారింది. నాకూ గుండె మీద బరువు దిగినట్టే అనిపించింది. కానీ అది ఎంతోసేపు లేదు.

"ఇది కొత్త వెర్షనులోనే వచ్చిందా అండీ?" అని అడిగాను.

డెవలపర్‌ని అడిగి ఆయన మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"కాదండీ. ఇంతకుముందే వచ్చింది. ఇప్పుడు జనం వాడుతున్న దానిలో కూడా ఉంది."

తూకం వేసే చోట అరుగు మీద కూర్చుండిపోయాను. అంటే ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు బస్సులోంచో, చేలోంచో బటన్ నొక్కుతున్నారు. ఖరారైందని చూసుకుని ఫోన్ జేబులో పెట్టుకుంటున్నారు. వాళ్ళెవరో తెలిసే దారి లేదు. మా సర్వర్‌కి చేరితేనే కదా వాళ్ళ గుర్తు మిగిలేది. డయాలసిస్ అంటే సినిమా టికెట్టు కాదు. ఒక వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం మొదలవుతుంది. మా పిన్నిని చూశాను, నాకు తెలుసు.

ముందు పిన్నికే ఫోన్ చేశాను. మర్నాడు శనివారం ఆమె వంతు. నేను చెప్పినట్టే పేజీ తెరిచి చూసింది.

"ఉందే, పొద్దున మొదటి వంతు. ఏమే, అంత కంగారుగా ఉన్నావు?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిన్ని గొంతు తగ్గించి అంది:

"అయితే పాపం ఆ మేస్త్రి... మా బస్సులోనే వస్తాడే, తాపీ మేస్త్రి. మొన్న కౌంటర్ దగ్గర ఆయన వంతు లేదన్నారు. ఖరారైందని నేను కళ్ళారా చూశానండీ అని మొత్తుకున్నాడు. నువ్వు సరిగ్గా నొక్కి ఉండవు, నీకు ఫోను వాడటం రాదు అని తిప్పి పంపేశారు. నేను కూడా అలాగే అనుకున్నానే తల్లీ."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"మర్నాడు ఆయాసంతో ఆటోలో తీసుకొచ్చారు. నిలదొక్కుకున్నాడులే, దేవుని దయ."

ఈ సంగతి లీడ్‌కి చెప్పాను. ఆయన ఇంకేం వాదించలేదు. ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడాడు. సైటులో బుకింగ్ ఆపేసి ఫోన్ నంబరు పెట్టారు. రాబోయే రోజుల్లో రావలసిన రోగులందరికీ ఫోన్ చేసి, వంతు ఉందో లేదో సరిచూడాలన్నారు. కౌంటర్ వాళ్ళు ఇద్దరే ఉన్నారట, సాయం కావాలన్నారు. "నేను చేస్తాను" అన్నాను. ఇంటికొచ్చి మధ్యాహ్నమంతా ఆ పనిలోనే కూర్చున్నాను.

అపరిచితురాలు ఫోన్ చేసి ఆస్పత్రి బుకింగ్ గురించి అడిగితే ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారు? "ఓటీపీ చెప్పమంటావా? చాల్లే, పెట్టేయ్" అన్నాడొకాయన. ఆయనకి ఆస్పత్రి నంబరు నుంచే మళ్ళీ చేయించాల్సి వచ్చింది. ఒకావిడ ముందు తిట్టి, తర్వాత ఏడ్చి, తర్వాత నా ఊరూ పేరూ అడిగింది. ఎక్కువమందికి వంతులు ఉన్నాయి. ఒక పెద్దావిడకి లేదు. మర్నాడు పొద్దున్నే ఆమె బయల్దేరాలి. "వచ్చింది కదమ్మా ఖరారైందని, నా మనవరాలే నొక్కింది" అంటోంది. కౌంటర్‌తో మాట్లాడి ఆమెని మొదటి వంతులోనే కలిపించేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

ఒక నంబరు మాత్రం ఎత్తడం లేదు. మోగి మోగి ఆగిపోతుంది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ పేరు మీద మర్నాటికి ఏ వంతూ కనబడటం లేదు. అసలు బుక్ చేసుకోలేదా, చేసుకుంటే చేరలేదా? మిగతా అందరూ దొరికినా నా మనసంతా ఆ మోగే ఫోను దగ్గరే ఉండిపోయింది. మా అత్తగారు టీ తెచ్చి పెట్టి, "కాస్త తాగి చెయ్యమ్మా" అన్నారు. ఆ టీ చల్లారిపోయింది.

పొద్దుగూకే వేళ ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. ఒక ఆడమనిషి.

"ఎవరండీ ఇన్నిసార్లు చేశారు? మిరప కోతకెళ్ళాం, ఫోను క్యారేజీ సంచిలో ఉంది."

ఆమె మామగారికి డయాలసిస్ అట. ఆయన మొన్ననే చేయించుకున్నాడు, తర్వాతి వంతు సోమవారం. అది పేజీలో ఉంది. అంతా సవ్యంగానే ఉంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం పిన్ని ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "ఇదిగో, మేస్త్రి గారు పక్కనే ఉన్నారు, నువ్వే చెప్పు" అని ఆయన చేతికిచ్చేసింది.

"నమస్తే అండీ. ఆ సైటుని పరీక్ష చేసేది నేనే. ఆ రోజు మీరు నొక్కింది మాకు చేరలేదండీ. సిగ్నల్ మధ్యలో పోయింది. చేరకుండానే చేరిందని మా సైటు మీకు చెప్పింది. తప్పు మీది కాదు."

ఆయన మెల్లగా ఊపిరి తీసుకుంటూ అడిగాడు:

"అయితే నేను సరిగ్గానే నొక్కానంటారు."

"సరిగ్గానే నొక్కారండీ."

"ఈ ముక్క మా ఇంటిదానికి కూడా చెప్పమ్మా. నువ్వు ఏదో పిచ్చిగా నొక్కావని ఈ వారమంతా నన్ను తింటోంది."

ఫోను చేతులు మారింది. ఆయన భార్యకి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆవిడ అంతా విని, "మరి ఆ కౌంటర్లో పిల్లకి కూడా చెప్పండి, ఆయన్ని అందరి ముందూ మాటలంది" అంది. ఆస్పత్రి వాళ్ళ చేత చెప్పిస్తానని మాటిచ్చాను. లీడ్‌కి ఆ సంగతి రాశాను. మంగళవారం ఆ అమ్మాయి మేస్త్రి దగ్గరికొచ్చి మాట్లాడిందని పిన్ని చెప్పింది. క్షమించమందో లేదో పిన్నికి వినబడలేదట.

ఆ తప్పు సరిదిద్దారు. ఇప్పుడు సర్వర్ జవాబు వచ్చేదాకా ఖరారైందని చూపించరు, రాకపోతే మళ్ళీ నొక్కమని అడుగుతారు. ఆ చివరి మెట్టు మిగతా టెస్టులన్నిటిలోనూ చేర్చమని లీడే అన్నాడు. మేస్త్రిలాగా ఇంకెంతమంది కౌంటర్ దగ్గర మాట పడి వెనక్కి వెళ్ళారో మాకు తెలియదు. ఆస్పత్రి వాళ్ళు కొందరిని గుర్తు చేసుకుని చెప్పారు. మిగతా వాళ్ళు, వాళ్ళలో ఎవరికి ఏమైందో, నాకు తెలిసే వీల్లేదు. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కంప్యూటర్ తెరిచి, వరసలన్నీ పచ్చగా ఉన్న రోజున కూడా కాసేపు అలాగే చూస్తూ కూర్చుంటాను. మా అత్తగారు వంటింట్లోంచి పిలుస్తారు. లేచి వెళతాను.